చేనుకు పదును, దావకు అడుసు

తాడిపత్రి బస్టాండు ఎదుట టీ తాగుతూ, యాడికి పక్క వాన ఎంత పడిందని అడిగాను. బెంచీ మీదున్న పెద్దాయన మిల్లీమీటర్ల జోలికి పోలేదు. "మూరెడు పదునైంది సార్," అన్నాడు. నేల మూరెడు లోతు తడిసిందని అర్థం. విత్తనం వేసే రైతుకు ఈ లెక్క చాలు. బండి తోలేవాడికీ కావలసింది ఇదే. జానెడు పదునైతే ఎండెక్కేసరికి పల్లెదావ ఆరుతుంది. మూరెడైతే పొద్దున కంటే మధ్యాహ్నం ఇంకా పాడవుతుంది. వాన ఆగాక బాగుపడాలి గానీ పాడవడమేమిటని అడిగేవాళ్లు నల్లరేగడిలో ఇంకా కాలు పెట్టి ఉండరు.

చిత్త కార్తె. రాత్రంతా కురిసి తెల్లారుజామున తెరిపిచ్చింది. అనంతపురం జిల్లాలో వాన తర్వాతి రోడ్ల మీద రాయడానికి ఏముంటుందని మిత్రులు నవ్వారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే పడే జిల్లా ఇది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిలో చదువుకున్నాం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యం తీరమంతా కురిసి కురిసి ఇక్కడికి చేరేసరికి ఖాళీ అవుతుంది. కానీ ఇక్కడి పల్లెదావలు ఇలా ఉండడానికి ఆ వాన లేమే కారణం. ఆ కథ తర్వాత చెప్తాను.

ప్రయాణం పెద్దదేం కాదు. తాడిపత్రి నుంచి యాడికి, అక్కణ్నుంచి కోనుప్పలపాడు కోన, వీలైతే చేలలోంచి తూర్పుగా కొలిమిగుండ్ల సీమ చేరి బెలుం గుహలు. బొలెరో, దాన్ని తోలడానికి పెద్దవడుగూరు పక్క కుర్రవాడు. వాళ్ల నాన్నకు రేగడి చేను ఉంది. అతన్ని మాట్లాడుకోవడానికి అదే పెద్ద అర్హత అని నాకు మొదటి గంటలోనే తెలిసింది.

గుత్తి వైపు పోయే జాతీయ రహదారి గురించి చెప్పేదేమీ లేదు. అటు కృష్ణపట్నం రేవు దాకా పోయే 67వ నంబరు రోడ్డు అది. నీళ్లు పక్కలకు జారిపోతాయి, లారీలు పోతూనే ఉంటాయి. రాయలచెరువు దగ్గర దాన్ని వదిలాక కూడా యాడికి దాకా తారే. సిమెంటు లారీల బరువుకు అక్కడక్కడ కుంగింది గానీ తారే. ఊరు దాటి చేల్లోకి తిరిగాక అసలు సంగతి మొదలైంది.

కుర్రవాడు అద్దం దించి, తల బయటపెట్టి, నేల రంగు చూస్తూ తోలుతున్నాడు. యాడికి చుట్టూ నేల ఒకటే తీరుగా ఉండదు. ఎర్రమల కొండల పాదాల దగ్గర గరుసు, రాతిచెక్కలు. కాస్త కిందికి దిగితే ఎర్రనేల. పల్లానికి పోతే నల్లరేగడి. కిలోమీటరు లోపలే మూడూ తగులుతాయి. గరుసు మీద వాన పడ్డట్టే తెలియదు. ఎర్రనేలను వాన కోసేస్తుంది. దావకు అడ్డంగా చిన్న కాలవలు తెగి చక్రం టపీమని పడుతుంది గానీ మళ్లీ లేస్తుంది. "ఎర్రమట్టి కొడతాది సార్. నల్లది పట్టుకుంటాది," అన్నాడు. పట్టుకోవడం అన్నప్పుడు అతని గొంతులో కొంచెం మర్యాద కూడా ఉంది.

ఆ పట్టు రహస్యం మట్టిలోని బంకలో ఉంది. మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం పలచని పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్లు ఆ పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి, నేల ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుని పగుళ్లు తీస్తుంది. ఎండాకాలంలో యాడికి చేలల్లో కర్ర దించితే లోపలికి దిగిపోయేంత పగుళ్లుంటాయి. తొలి వాన నీరు మొత్తం ఆ పగుళ్లలోకే పోతుంది కాబట్టి ఆ రోజు దావ బాగున్నట్టే కనిపిస్తుంది. తర్వాత నేల ఉబ్బి పగుళ్లు మూసుకుంటాయి. ఇక పడ్డ చుక్క పైనే నిలుస్తుంది. పైన రెండంగుళాలు సబ్బు, కింద రాయి లాంటి నేల. అప్పుడు బండి జారుతుంది. ఇంకా పడితే కిందిదీ మెత్తబడుతుంది, బండి దిగుతుంది.

అన్నిటికన్నా చెడ్డ వేళ వాన వెలిసి ఎండ కాసిన తర్వాత వస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు మట్టి పలచన, చక్రానికి అంటినా జారిపోతుంది. సగం ఆరినప్పుడు బంక తేలుతుంది. టైరు గాడుల్లో నిండుతుంది, గాడి కనబడదు, కొత్త టైరు కూడా నున్నగా అరిగినదానితో సమానమవుతుంది. మనిషి నడిస్తే ఒక్కో అడుగుకూ చెప్పు కింద ఇంకో పొర. పది అడుగులేస్తే మనిషి జానెడు పొడుగవుతాడు, ఆపైన చెప్పు నేలలో, కాలు గాలిలో. పెద్దాయన మూరెడు పదును అన్నప్పుడు మధ్యాహ్నం గురించి హెచ్చరించింది దీన్నే.

దావ పక్కన ఒకాయన మోపెడ్ నిలబెట్టి వేపపుల్లతో చక్రం సందుల్లో మట్టి గీకుతున్నాడు. ముందు చక్రం మీద మడ్‌గార్డ్ లేదు. పగిలిందా అని అడిగితే నా వైపు జాలిగా చూశాడు. మడ్‌గార్డ్ ఉంటే రేగడి దానికీ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. అందుకే వానలు మొదలైతే దాన్ని విప్పి ఇంట్లో పెట్టేస్తారట. "మీద పడే బురద కడుక్కోవచ్చు. బండి తిరక్కపోతే ఏం చేస్తాం అప్పా?" వేపపుల్లను మళ్లీ సీటు కింద దోపుకుని పోయాడు.

మా కుర్రవాడి పద్ధతులూ ఇలాంటివే. పల్లం కనబడగానే బండి ఆపి ముందు తను దిగి నడిచాడు. మడమతో నేల నొక్కి చూశాడు. టైర్లలో గాలి కొంత తీశాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది. తర్వాత రెండో గేరులో వేసి, ఆ గేరు మార్చకుండా, బ్రేకు తాకకుండా, ఒకే వేగంతో దాటించాడు. మధ్యలో నేను ఏదో అడగబోతే చెయ్యి ఎత్తి ఆపేశాడు. అవతలికి చేరాక జవాబిచ్చాడు: "గట్టిగా తిప్పితే పక్కకు పోతాం. ఆపితే ఆడనే ఉంటాం."

ట్రాక్టర్లు చేసిన గాళ్లు ఇంకో బెడద. వాటి వెనక చక్రాల ఎత్తుకు గాడి లోతు లెక్కలోకి రాదు. ఆ గాడిలో బొలెరో దిగితే కడుపు నేలకు ఆనుతుంది, చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఒక చక్రం నడుమ మిట్ట మీద, ఇంకోటి గెనిమ అంచున గడ్డి మీద ఉండేలా తోలాలి. గెనిమ పొడుగునా సర్కారు కంప. దాని ముల్లు టైరులో దిగితే ఆ అడుసులో జాకీ ఎక్కడ నిలబెడతాం? జాకీ కింద పెట్టడానికి సీటు వెనక నాపరాయి ముక్క ఒకటి ఉంది. తాడిపత్రి చుట్టుపక్కల ఏ బండిలో చూసినా ఇలాంటి ముక్క కనిపిస్తుందనుకుంటాను. పక్క చేలో ఒక ఆటో దిగిపోతే నలుగురు కలిసి కందికట్టె తెచ్చి చక్రాల కింద పరిచారు. ఇసక కంటే, రాళ్ల కంటే అదే బాగా పనిచేస్తుందని వాళ్ల వాదన. ఆటో నిజంగానే లేచింది. తోసినవాళ్లు తలనుంచి కాళ్లదాకా నల్లబడ్డారు.

ఈ మట్టి మన సొత్తేమీ కాదు. అమెరికాలో యూటా రాష్ట్రపు బంకమట్టి దావల మొదట్లో, తడిగా ఉంటే పోలేరని బోర్డులే పెడతారు. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల్లో వాన పడగానే మట్టి రోడ్లు మూసేస్తారు. మూసిన రోడ్డు మీద బండి తోలితే జరిమానా. ఆ ప్రయాణికుడికి జరిగే నష్టం కోసం కంటే, తడి రోడ్డును గాళ్లు చేసి నెలల తరబడి పాడుచేస్తాడని ఆ జరిమానా. దక్షిణ సూడాన్‌లో వానాకాలం పొడుగునా చాలా ఊళ్లు రోడ్డు మీద చేరలేనివే. అక్కడి మట్టి కూడా నల్లరేగడి. యాడికిలో బోర్డు పెట్టినా పనికిరాదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ముందు ఈ దావలు ఇలా ఎందుకున్నాయో చెప్పడానికి వెనక్కి పోవాలి.

బళ్లారి, అనంతపురం, కడప సీమలు, కర్నూలు సీమలో కొంత భాగం 1800లో ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చినప్పుడు ఇక్కడ బండి నడిచే రోడ్లు అరుదు. ఉప్పు, ధాన్యం లంబాడీల ఎడ్ల వీపుల మీద సాగేవి. ఎద్దుకు గాడి అక్కర్లేదు, మిట్ట చూసుకుని నడుస్తుంది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా డేరాల్లో ఊరూరూ తిరిగాడు. 1876-78 నాటి కరువులో రైలు అప్పటికే ఉంది, ధాన్యం స్టేషన్ల దాకా వచ్చింది. అక్కణ్నుంచి ఊళ్లకు మోసే ఎడ్లు మేత లేక చచ్చిపోతున్నాయి. ఆకలితో ఉన్న జనానికి కూలి ఇవ్వడానికి సర్కారు ఎంచుకున్న పనుల్లో రోడ్డు పని ముఖ్యమైనది. మట్టి తవ్వు, మట్టి మోయి, మట్టి పోయి. అప్పటినుంచి రాయలసీమలో కరువు పని అంటే సగం మందికి మట్టిరోడ్డే గుర్తొస్తుంది.

ఇది పాత చరిత్ర అనుకోనక్కర్లేదు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పథకం ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలి, సామానుకు 40 శాతం మించకూడదు, కంట్రాక్టరు ఉండకూడదు అన్నది దాని నిబంధన. కూలీ పక్షాన ఆలోచిస్తే ఆ నిబంధన న్యాయమైందే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ దాని కింద వేసిన పొలంబాటలో మట్టి దండిగా ఉంటుంది, కంకర పలచగా ఉంటుంది. కూలి ఇవ్వడానికి వేసిన దావ అది. చక్రం బరువు మోయడం దాని రెండో ఉద్యోగం. కరువు లేకుంటే ఈ దావల్లో చాలా వాటికి పుట్టుకే లేదు. వాన లేనినాడు పుట్టాయి, వాన వచ్చిననాడు కనబడకుండా పోతాయి.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన ఊళ్ల దాకా తారు తెచ్చింది. ఊరినుంచి చేను దాకా ఉన్న దూరం దాని లెక్కలో లేదు. అక్కడ పంచాయతీ అప్పుడప్పుడూ గరుసు తోలిస్తుంది. రేగడి మీద గరుసు పోయడం ఓ వింత పని. పక్క కాలవలు లేకుండా, కింద ఇసక పొరైనా లేకుండా నేరుగా పోస్తే, వాన పడ్డప్పుడల్లా చక్రాల బరువుకు గరుసు కిందికి దిగుతుంది, బంక పైకొస్తుంది. రెండు మూడు వానకాలాల తర్వాత తవ్వి చూస్తే గరుసు ఉంటుంది, కానీ మూరెడు కింద. కాలవ తవ్వి, దావను చేనుకంటే ఎత్తు చేసి, నడుమ మిట్టగా ఉంచితే గరుసైనా నిలుస్తుందని రోడ్డు పనివాళ్లందరికీ తెలుసు. ఎత్తు చేయడానికి కావలసిన మంచి మట్టి దూరంనుంచి రావాలి. దూరం అంటే సామాను ఖర్చు.

కోన దారిలో మాత్రం హాయిగా ఉంది. కోనుప్పలపాడు రామలింగేశ్వరుడి గుడి వైపు నేల మళ్లీ రాతినేల. చుట్టూ సున్నపురాయి కొండలు, వాటిలో గుహలు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ బెలుం గుహలను చూసి రాసిపెట్టింది ఇక్కడికి దగ్గర్లోనే. రాత్రి అంత వాన పడినా రాతి మీద తడి తప్ప నీరు లేదు. సున్నపురాయి సందుల్లోంచి నేల కిందికి పోయింది. రేగడి పగుళ్లు మూసుకుపోతాయి గానీ రాతి పగుళ్లు మూసుకోవు. గుళ్లో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. వాన రోజు జనం రారని పూజారి అన్నాడు, తనెలా వచ్చాడంటే నడిచి అన్నాడు.

తిరిగి చేల దావ పట్టుకున్నాక వంక అడ్డమొచ్చింది. పొద్దున పోయినవాళ్లు మోకాలి లోపేనన్నారు. మేం చేరేసరికి చప్టా కనబడడం లేదు. ఇక్కడ వాన ఆగినా, కొండల మీద పడ్డ నీళ్లు దిగడానికి గంటలు పడుతుంది. చెట్టు చేమ పలచబడ్డ కొండలు కాబట్టి దిగితే ఒక్కసారే దిగుతాయి. అటు ఇద్దరు, ఇటు ఏడెనిమిది మంది నిలబడ్డారు. పాలక్యాన్లతో ఒకాయన, బడిపిల్లలు, ఒక ట్రాక్టరు. ఒక ముసలాయన నీటి అంచున గులకరాయి పెట్టి బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయేసరికి రాయి మునిగింది. "ఎక్కుతాంది. ఎవురూ దిగాకండి," అన్నాడు. ట్రాక్టరు డ్రైవరుకు దాటాలని ఉంది, కానీ ఆ మాట తర్వాత ఇంజను ఆపేశాడు. అమెరికా వాతావరణ శాఖ లెక్క ప్రకారం అడుగు లోతు పారే నీరు చిన్న కారును ఎత్తుకుపోతుంది, రెండడుగులు చాలా వాహనాలను తోసేస్తాయి. రాయి పెట్టినాయనకు ఆ లెక్క తెలియదు, అవసరమూ లేదు.

నిలబడ్డ చోట మాటలు వంకల మీదికే పోయాయి. నాకు మంగపట్నం గుర్తొచ్చింది. గుంతకల్లు-రేణిగుంట రైలుదావలో, కడప జిల్లాలో ఉందా స్టేషను. 1902 సెప్టెంబరులో వరదకు వంతెన కొట్టుకుపోయి మెయిలు బండి వంకలో పడింది, పదులకొద్దీ మనుషులు పోయారు. ఇనుప పట్టాల మీద నడిచే బండికే దారి చూపని వంక, మట్టిదావను లెక్కచేస్తుందా? ట్రాక్టరు డ్రైవరు 2021 నవంబరు సంగతి చెప్పాడు. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో కారు చిక్కుకుంటే, కాపాడడానికి దిగిన జేసీబీ కూడా చిక్కుకుంది. చివరికి పదిమందిని వైమానిక దళం హెలికాప్టరు తీసింది. ఆ వీడియో అతని ఫోనులో ఇంకా ఉంది. పిల్లలు చుట్టూ చేరారు.

వంక తగ్గడానికి సాయంత్రమవుతుందని తేలింది. బెలుం ఆశ వదులుకున్నాం. తాడిపత్రి మీదుగా తారు రోడ్డున ఎప్పుడైనా పోవచ్చు. వెనక్కి తిరుగుతుంటే నాకు విసుగుగా ఉంది గానీ, చుట్టూ చూస్తే విసుగున్నవాడిని నేనొక్కణ్నే. దావకు రెండు పక్కలా చేలల్లో జనం నేల చేత్తో పిసికి చూస్తున్నారు. పప్పుశనగ వేళ ఇది. రేగడిలో ఈ పైరు చివరిదాకా లోపలి తడి మీదే బతుకుతుంది. ముద్దగా ఉంటే గొర్రు నడవదు, ఆరితే మొలక రాదు, ఆ మధ్యలో దొరికే కొన్ని దినాల్లోనే విత్తనం పడాలి. అంటే బండి పోలేని దినాలూ, బండి తప్పనిసరైన దినాలూ ఒకటే. విత్తనాలు, మందుబస్తాలు, డీజిలు, కూలీలు, అన్నీ ఆ అడుసులోంచే చేనుకు చేరాలి. ఆస్ట్రేలియా తరహాలో వాన పడగానే దావ మూసేస్తే ఇక్కడ సేద్యం మూసినట్టే. ట్రాక్టర్లు దిగుతాయి, గాళ్లు పడతాయి, అవి ఎండి ఉగాది దాకా బండ్ల నడుములు విరుస్తాయి, అయినా దిగుతాయి.

పల్లం ముందర ఒక రైతు చెయ్యెత్తి ఆపాడు. అతని మోపెడ్ పక్కన విత్తన బస్తాలు. అవతలి చేనుదాకా తీసుకుపోతారా అని అడిగాడు. నేను కుర్రవాడి వైపు చూశాను. అంత అడుసులో ఇంకా బరువెందుకని నా భయం. అతను అప్పటికే వెనక తలుపు తీస్తున్నాడు. బొలెరోకు లాగే చక్రాలు వెనకవి. వాటి మీద బరువుంటే నేలను కరుచుకుంటాయి, ఖాళీగా ఉంటేనే తోక ఊపుతాయి. నిజమే, పొద్దున జారిన చోటే ఈసారి నేరుగా పోయింది. రైతు వెనక బస్తాల మీద కూర్చుని మాకు దావ చెప్తూ వచ్చాడు: కుడి పక్క గడ్డి మీద, ఈడ గుంత, ఇంకొంచెం.

బస్తాలు దింపాక తన చేను మూల పోగేసిన నాపరాళ్ల చెక్కలు చూపించాడు. తాడిపత్రి పాలిషు మిల్లుల్లో విరిగిపోయినవి, ట్రాక్టరుకింతని తోలించుకున్నాడట. "ఖాళీగా పోతే జారతారు. ఒక ఇరవై వేసుకోండి. ఆ పెద్ద గుంత దాటినాక దాంట్లోనే పారేసి పోండి, మాకూ పనికొస్తాది." వేసుకున్నాం. గుంత దాటి, చెక్కలన్నీ అందులో పరిచి, చేతులు కడుక్కుంటుంటే అటుగా వచ్చిన ట్రాక్టరాయన ఆగి చూశాడు.

"పోయినేడు గూడా రెండు ట్రాక్టర్లు వేసినాం అప్పా," అన్నాడు. "దాని కిందనే ఉండాయి."